తీగ వెంట వచ్చిన పిడుగు

మొన్న పటమటలో మా ఫ్లాటుకి కొత్త ఇంటర్నెట్ పెట్టడానికి వచ్చినతను వెంట్రుకంత సన్నని గాజు తీగ చూపించి, దీంట్లోంచి పిడుగు రాదండీ అన్నాడు. సరే నాయనా అన్నానే గాని, తీగ వెంట పిడుగు ఇంట్లోకి రావడం కళ్లారా చూసినదాన్ని, అంత తేలిగ్గా ఎలా నమ్ముతాను?

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లలో మేము భవానీపురంలో ఉండేవాళ్లం. మావారు పనిచేసే మిల్లు మూతపడ్డాక, కంప్యూటర్ నేర్చుకున్న మా పెద్దమ్మాయి ఇంట్లోనే కూర్చుని హైదరాబాదు కంపెనీకి కాగితాలు టైపు చేసి పంపేది, ఆ సంపాదనతోనే మా పొయ్యి వెలిగేది. ఇంటర్నెట్ కూడా టెలిఫోన్ తీగలోంచే వచ్చేది గనుక, ఉరిమితే చాలు ప్లగ్గులతో పాటు గోడ దగ్గర ఆ తీగనూ ఊడదీయాలి. ఉరుములప్పుడు మా అమ్మ అద్దానికి దుప్పటి కప్పేది కాబట్టి నేను కంప్యూటర్‌కూ కప్పేదాన్ని. దానికేమన్నా చలేస్తోందా అమ్మా అని మా అమ్మాయి నన్ను ఏడిపించేది.

అయితే ఆ వరసలో ఫోన్ ఉన్నది మా ఒక్క ఇంట్లోనే. అందరూ మా నంబరే చుట్టాలకిచ్చి అది పక్కింటి ఫోనని తెలిసేలా పీపీ అని రాయించేవారు, ఫోన్ వస్తే గోడ మీంచి కేకేసి పిలిచేదాన్ని. పక్కింటి ముస్లిం ఆవిడను మేమంతా ఖాలా అనేవాళ్లం. ఓ రోజు ఆమె కూతురు గవర్నర్‌పేట ఆసుపత్రిలో కాన్పు కష్టమై ఉంది. మోకాళ్ల నొప్పులతో వెళ్లలేని ఖాలా, అల్లుడి ఫోన్ కోసం పొద్దుటి నుంచీ మా హాల్లోనే కూర్చుంది.

ఆ మధ్యాహ్నం కృష్ణానది వైపు నుంచి గాలివాన విరుచుకుపడింది. ఎదురింటి రేకులు లేచి మా గేటు మీద పడ్డాయి, వడగళ్లకు కిటికీ అద్దాలు పగిలి ముక్కలు మంచం దాకా ఎగిరొచ్చాయి, ఉరుముకీ ఉరుముకీ మధ్య ఊపిరాడే సందు లేదు. కరెంటు ప్లగ్గులు పీకేసిన అమ్మాయి టెలిఫోన్ తీగ మీదికి చెయ్యి చాపింది. ఖాలా లేచి ఆ మణికట్టు పట్టుకుంది.

"ఆగమ్మా, మా అల్లుడు చేస్తాడు."

"వదులు ఖాలా, కంప్యూటర్ కాలిపోతే మేమేం తినాలి?"

"నీ డబ్బా పోతే ఇంకోటి కొంటావు. నా పిల్ల పోతే ఎక్కడ కొననూ?"

ఇద్దరూ పెనుగులాడారు. గాజులు చిట్లి ఇద్దరి చేతులూ రక్తమయ్యాయి, విడదీయబోయిన నన్ను ఎవరు నెట్టారో గాని వెళ్లి తలుపుకి గుద్దుకున్నాను. అప్పుడే వీధి చివరి కొబ్బరిచెట్టు భగ్గుమంది. గోడలోని టెలిఫోన్ పెట్టె తుపాకీ పేలినట్టు పేలి గది అవతలకి ఎగిరిపడింది, తీగ ఉన్న మేరా సున్నం నల్లగా మాడింది, దుప్పటి కింద కంప్యూటర్ పొగలు కక్కింది. చెవులు హోరెత్తి కాసేపు ఏమీ వినబడలేదు. ఖాలా పట్టు మాత్రం ఇంకా వదల్లేదు. అమ్మాయి ఆ మాడిన గోడనూ తన వేళ్లనూ మార్చి మార్చి చూసుకుని, అంతదాకా కలబడిన మనిషి భుజం మీదే వాలిపోయి ఏడ్చింది.

ఫోన్ కలవకపోవడంతో అల్లుడే వాన తగ్గాక స్కూటర్ మీద నిలువునా తడిసి వచ్చి, ఆడపిల్ల, తల్లీ బిడ్డా కులాసా అని చెప్పాడు. కంప్యూటర్ మరి పనికి రాలేదు, ఆ ఉద్యోగమూ పోయింది. ఏడాది పాటు చాలా ఇబ్బంది పడ్డాం. అయినా ఆ మాట ఎత్తి ఖాలాను ఎవరమూ ఏమీ అనలేదు, అమ్మాయి అసలే అననివ్వలేదు.

ఇప్పుడు ఎవరి ఫోన్ వాళ్ల జేబులోనే మోగుతుంది, ఎవరూ ఎవరింట్లోనూ కాచుకుని కూర్చోనక్కర్లేదు. మంచిదే. కాకపోతే కిందటి నెల మా పక్క ఫ్లాటువాళ్లు లిఫ్టులోంచి ఉయ్యాల దింపుకుంటుంటే చూసి, వాళ్లింట్లో బిడ్డ పుట్టిందని తెలుసుకున్నాను. తొమ్మిది నెలలూ మా ఇద్దరి ఇళ్ల మధ్యా ఉన్నది ఒక్క గోడే.