కళ్యాణదుర్గం బస్సులో కునుకు

నెలలు నిండకముందే చెల్లెలికి నొప్పులు వచ్చాయని మరిది ఫోన్ చేస్తే, చేతికి దొరికిన చీరలు సంచిలో కుక్కుకుని కాకినాడ నుంచి అనంతపురం వచ్చేశాను. ఆ ఊరు చూడటం అదే మొదలు. నేను చేరేసరికే ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీశారు. పిచ్చుకంత పిల్ల. ఏడిస్తే వినిపించేది కూడా కాదు.

మొదట్లో మరిది నన్ను బండి మీద ఇంటికీ ఆసుపత్రికీ తిప్పాడు. సెలవు అయిపోయి అతను డ్యూటీకి వెళ్లిన రోజు, చెల్లెల్ని పక్కమంచం వాళ్లకు అప్పజెప్పి పొద్దున్నే ఇంటికి వచ్చాను. అన్నం, బీరకాయ కూర, వెల్లుల్లి కారం చేసి క్యారియర్ సర్దుకుని రోడ్డు మీదికి వచ్చి నిలబడ్డాను. షేర్ ఆటోలన్నీ కిక్కిరిసి పోతున్నాయి. ఒక ఆటో ఆయన తల బయటపెట్టి, "యాడికక్కా?" అన్నాడు.

"పెద్దాసుపత్రికండి."

"నేను అట్ల పోనక్కా. అదిగో, ఆ కళ్యాణదుర్గం బస్సు ఎక్కు. ఆసుపత్రి ముందరనే పోతాది."

ఎక్కాను. ఆడవాళ్లకు టికెట్ లేకుండా చేసినప్పటినుంచీ బస్సుల్లో ఎక్కడ చూసినా మేమే. కండక్టరుకు ఆసుపత్రి అని చెప్పి, అదృష్టం కొద్దీ కిటికీ పక్కన చోటు దొరికితే క్యారియర్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పాప పుట్టినప్పటినుంచీ నాకు సరైన నిద్ర లేదు. క్యారియర్ వెచ్చదనం పొట్టకు తగులుతుంటే కళ్లు మూతలు పడ్డాయి.

తెరిచేసరికి ఊరు లేదు. రెండు వైపులా ఎర్రమట్టి, వాడిపోయిన వేరుశనగ చేలు, దూరంగా గుట్టల మీద తిరిగే గాలిమరలు.

"ఆసుపత్రి వచ్చిందాండీ?" అన్నాను, దాటిపోయిందని తెలుస్తూనే ఉన్నా.

కండక్టరు తల పట్టుకున్నాడు. "ఆసుపత్రి యాడ, మనం యాడ! ఎప్పుడో దాటొచ్చినాం కదక్కా. ఆడ అంత గట్టిగా అరిస్తి, నువ్వు దిగిపోయినావనుకొంటి."

క్యారియర్ పట్టుకుని లేచి నిలబడ్డాను. "మా చెల్లెలు బాలింతండి. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. అన్నం నా దగ్గరే ఉండిపోయింది" అంటుంటే ఏడుపొచ్చేసింది.

అంతే, బస్సు బస్సంతా నా సంగతి ఎత్తుకుంది. ఈడనే దించు, ఆటో వస్తాదని ఒకరు. ఇంత ఎండలో ఆ ఆడమనిషిని చేలల్లో దించుతావా, నీకేమన్నా బుద్ధుండాదా అని ఇంకొకరు. కండక్టరు అందర్నీ ఊరుకోమని, "ఏడవద్దక్కా. ఎదురు బస్సు వస్తాంటాది, ఎక్కిస్తా" అని డ్రైవరు పక్కకు పోయి రోడ్డు వైపే చూస్తూ నిలబడ్డాడు.

కాసేపటికి ఎదురుగా అనంతపురం బస్సు కనిపించింది. మా డ్రైవరు చెయ్యి ఊపి ఆపించాడు. కండక్టరు క్యారియర్ తన చేతిలోకి తీసుకుని, నన్ను రోడ్డు దాటించి, ఆ బస్సు మెట్ల దగ్గర నిలబడి చెప్పాడు: "అన్నా, ఈయక్క పెద్దాసుపత్రికి పోవల్ల. బాలింతకు అన్నం తీసుకపోతాంది. నిద్రపోతే లేపప్పా."

ఆ మాట బస్సులో అందరికీ వినిపించింది. సిగ్గుతో తల వంచుకున్నాను. ముందు సీట్లో ఒక పెద్దావిడ జరిగి, "రామ్మా, ఈడ కూర్చో" అని చోటిచ్చింది. కొత్త కళ్లద్దాల కోసం టౌనుకు పోతోందట. నేను రెండు మాటలు మాట్లాడగానే, "మీ మాట వేరేగా ఉండాదే, యా ఊరు మీది?" అని అడిగింది. చెప్పాను.

"అంత దూరం నుంచి ఒక్కదానివే వచ్చినావా! మీ అమ్మ రాలేదా?"

"అమ్మ లేదండి."

 ఆవిడ నా ఒళ్లోని క్యారియర్ తన ఒళ్లోకి తీసుకుంది. "నువ్వు నిద్రపో తల్లీ. నేనుండా, లేపుతా" అంది.

అమ్మ పోయాక నన్ను నిద్రపొమ్మన్న మనిషి లేదు. నిద్ర రాలేదు గానీ ఆవిడ భుజానికి తల ఆనించి కళ్లు మూసుకున్నాను. కన్నీళ్లు వస్తుంటే తుడుచుకోలేదు. తుడుచుకుంటే మెలకువగా ఉన్నానని తెలిసిపోతుంది. ఆసుపత్రి దగ్గర ఆవిడ నా చెంప తట్టి, క్యారియర్ చేతికిచ్చి, నేను గేటులోకి వెళ్లేదాకా కిటికీలోంచి చూస్తూనే ఉంది.

వార్డులోకి పరుగెత్తాను. చెల్లెలు పాపను పక్కలో వేసుకుని ప్రశాంతంగా ఉంది. పక్కమంచం బాలింత వాళ్లమ్మ మా చెల్లెలి మూతి తుడుస్తోంది.

"నీ చెల్లెలికి రాగిగంజి తాపిచ్చినాలే. పాలు పడొద్దా మరి! నువ్వెంతసేపటికీ రాకపోతివి" అందావిడ.

జరిగింది చెప్పాను. చెల్లెలు నా చెయ్యి పట్టుకుని, "అక్కా, నువ్వు తిన్నావా?" అంది. తినలేదు. గుర్తే రాలేదు.

పక్కమంచం ఆవిడే క్యారియర్ విప్పింది. నాకొక గిన్నె పెట్టి తనొక గిన్నె తీసుకుంది. వెల్లుల్లి కారం మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"ఏమప్పా ఇది! బాలింతకు పెడతారా దీన్ని?" అని నీళ్లచెంబు కోసం వెతుక్కుంది.

చెల్లెలు నవ్వబోయి, కుట్లు లాగితే పొట్ట పట్టుకుని, "నవ్వించొద్దు పెద్దమ్మా" అంటూ ఇంకా నవ్వింది. ఆపరేషన్ అయ్యాక అది నవ్వడం అదే మొదలు. మా అలికిడికి పాప లేచి, వార్డంతా వినిపించేలా ఏడవడం మొదలుపెట్టింది.