మామ్మ మాట్లాడని ప్రయాణం

చలి తగ్గి ఎండ ఇంకా ముదరని రోజుల్లో కువైట్‌లోని షర్క్ చేపల బజారు బయట ఒక ముసలాయన బుట్టల నిండా కనార్ పళ్ళు పెట్టుకుని కూర్చుంటాడు. ఇక్కడివాళ్ళు కనార్ అంటారు గానీ అవి మన రేగుపళ్ళే. ఆఫీసు నుంచి నడిచి వస్తూ, చేపల నీచు మధ్యలోంచి కాస్త పులిసిన, బాగా మగ్గిన ఆ వాసన ముక్కుకు తగలగానే నా కాళ్ళు ఆగిపోతాయి. అంతలోనే నేను మళ్ళీ తొమ్మిదేళ్ళ పిల్లనై, మామ్మ కొంగు పట్టుకుని నిలబడి ఉంటాను.

అప్పుడు మేము రుమైథియాలో, ఒక కువైతీ వాళ్ళ విల్లా వెనక ఉన్న రెండు గదుల్లో ఉండేవాళ్ళం. నాన్న అల్ రాయ్‌లో కార్ల షెడ్డులో మెకానిక్, అమ్మ ఆసుపత్రిలో నర్సు. వాళ్ళిద్దరూ డ్యూటీలకు పోతే, కోనసీమ నుంచి వచ్చి మాతో ఉంటున్న మామ్మే నా లోకం. మే నెల వచ్చిందంటే బయట దుమ్ము తుఫాను ఆకాశాన్ని పసుపురంగు చేసేది, లోపల ఏసీ నీళ్ళు బకెట్లో టపటపా పడుతుంటే మామ్మ నేల మీద తడిగుడ్డ పరిచి దాని మీద నన్ను పడుకోబెట్టి, ఊళ్ళో కాలవలో తన చిన్నప్పటి ఈతల గురించి చెప్పేది. వాకిట్లో ఉన్న సిద్ర్ చెట్టు, అదే ఆ రేగు చెట్టు, కింద రాలిన గింజలు ఏరుకుని గచ్చకాయల్లా ఎగరేసి పట్టుకునేవాళ్ళం. వినాయక చవితికి ఉండ్రాళ్ళూ పాలతాలికలూ చేసి, అందరికంటే ముందు ఒక గిన్నెడు తీసి మూతపెట్టి పక్కన ఉంచేది. అది సత్యం బాబాయికి.

సత్యం బాబాయి నాన్న తమ్ముడు. కొన్నాళ్ళు మాతోనే ఉండి, తరవాత దక్షిణాఫ్రికా తూర్పు తీరాన, జులూ తెగవాళ్ళ ఊళ్ళ పక్కనున్న ఒక హోటల్లో వంటపనికి వెళ్ళాడు. ఒక ఆదివారం సముద్రంలో ఈతకు దిగి, బయటికి రాలేదని కబురొచ్చింది. శవం దొరకలేదు. కర్మ చేసేద్దామని నాన్న ఎన్నిసార్లు ఊసెత్తినా మామ్మది ఒకటే మాట.

"చూసేరా? ఎవరన్నా కళ్ళతో చూసేరా? చూడకుండా నా కొడుక్కి పిండాలెట్టేస్తారా?"

ఫోను మోగితే తనే ముందు పరుగెత్తేది. రెండేళ్ళు అలాగే గడిచాయి. చివరికి నాన్న ఓడిపోయి, వేసవి సెలవుల్లో ఊరికి వెళ్ళడం మాని, నన్నూ మామ్మనూ తీసుకుని ఆ తీరానికే బయలుదేరాడు. అమ్మకు సెలవు దొరకలేదు.

ఇసక తప్ప ఏమీ ఎరగని నా కళ్ళకు ఆ దేశం పచ్చగా మండిపోతున్నట్టు కనిపించింది. ఎర్రమట్టి గుట్టల మీద ఊగే చెరకు తోటలు, అరటి గెలలు, తాటాకంత ఆకుల మొక్కలు, మన చేతిలో పండు లాక్కుని పోయే కోతులు, సాయంత్రం కాగానే నది ముఖద్వారం దగ్గర నీటిలోంచి తల ఎత్తి గుర్రుపెట్టినట్టు అరిచే నీటిగుర్రాలు. ఎర్రటి వెడల్పు టోపీలు పెట్టుకుని, మెడ నిండా పూసల దండలతో రోడ్డు పక్కన బుట్టలు అల్లే ఆడవాళ్ళు. మామ్మ మాత్రం కారు అద్దంలోంచి ప్రతి మొగవాడి మొహం వెతుక్కుంటూ కూర్చుంది.

బాబాయి అద్దెకున్న ఇల్లు ఒక జులూ ముసలమ్మది. అందరూ ఆవిణ్ణి గోగో అని పిలిచేవారు, అంటే వాళ్ళ భాషలో అవ్వ అని. "సావుబోనా" అంటూ ఎదురొచ్చింది. నిన్ను చూస్తున్నాను అని దాని అర్థమట. ఆ మాట నాకు చెప్పింది, నాన్నకు చెప్పింది, మామ్మకు చెప్పి, ఆమె రెండు చేతులూ పట్టుకుని చాలాసేపు వదలలేదు. ఆ ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. గడ్డితో కప్పిన గుండ్రటి గుడిసె నీడలో పక్కపక్కన కూర్చుని, ఒకరు తెలుగులో, ఒకరు జులూలో, ఏడుస్తూ మాట్లాడుకున్నారు.

తరవాత గోగో తనకొచ్చిన ఇంగ్లీషులో నాన్నకు వివరించింది. ఇంటికి దూరంగా పోయినవాడు దారి తెలియక పోయినచోటే తిరుగుతూ ఉంటాడట. ఇంట్లోవాళ్ళు ఒక ముళ్ళచెట్టు కొమ్మ పట్టుకుని అక్కడికి వెళ్ళి, పేరుపెట్టి పిలిచి, వెంట తీసుకుపోవాలి. కొమ్మ మోసేవాళ్ళు ఇల్లు చేరేదాకా మరెవరితోనూ మాట్లాడకూడదు, మాట్లాడితే అతను మధ్యలో దిగిపోతాడు. దారిలో అతనికీ ఒక సీటు ఉండాలి.

నాన్నకు దేవుడి మీదే పెద్దగా నమ్మకం లేదు. అయినా మామ్మకు తెలుగులో చెప్పాడు. విన్నాక మామ్మ కొమ్మ చూపించమంది.

"ఇది మన రేగే కదరా అబ్బాయ్" అంది, ఆకు తడిమి.

మర్నాడు పొద్దున్న సముద్రం దగ్గరికి వెళ్ళాం. అలలు ఇంటి ఎత్తున లేచి విరుగుతున్నాయి. మామ్మ మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగి, కొమ్మ ముందుకు చాపి, ఊళ్ళో పొలం నుంచి అన్నానికి పిలిచే గొంతుతో కేకేసింది.

"ఒరేయ్ సత్యం! పొద్దెక్కిందిరా. ఇంక రా నాయనా, ఇంటికెళ్ళిపోదాం."

గాలి హోరు తప్ప ఏమీ లేదు. నాకు మాత్రం వీపు మీద చల్లగా, ఎవరో నీళ్ళోడుతూ మా వెనక వచ్చి నిలబడినట్టనిపించింది. వెనక్కి తిరిగి చూడలేదు. మామ్మ నీళ్ళలోంచి వచ్చి, పెదవులు బిగించుకుని, ఇసకలో నడక మొదలుపెట్టింది.

వ్యాన్ డ్రైవరు మామ్మ చేతిలో కొమ్మ చూడగానే ఏమీ అడక్కుండా పక్క సీటు మీది సామాను తీసేశాడు. విమానంలో అనుకోకుండా మా వరసలో ఒక సీటు ఖాళీగా మిగిలింది. మామ్మ కొమ్మను దాంట్లో పెట్టి, కళ్ళతోనే నాన్న వైపు చూసింది. నాన్న వంగి, ఆ ఖాళీ సీటుకు బెల్టు పెట్టాడు. తరవాత కిటికీ వైపు తిరిగి, భుజాలు కదిలిపోయేలా ఏడ్చాడు. తమ్ముడి కోసం ఆయన ఏడవడం నేను చూసింది అదే మొదటిసారి.

కువైట్‌లో దిగాక సామాను తనిఖీ దగ్గర ఆపేశారు. నెరిసిన గడ్డం ఆఫీసరు తడిగుడ్డలో చుట్టిన కొమ్మ చూసి "షినూ హాదా?" అని మామ్మనే అడిగాడు. ఏమిటిది అని. మామ్మ పలకదు. అతను గొంతు పెంచాడు. మామ్మ కొమ్మను గుండెకు హత్తుకుంది. నాన్న ఇంగ్లీషులో, హిందీలో తడబడుతున్నాడు. కొమ్మ లాక్కుంటారనీ, మామ్మ నోరు తెరుస్తుందనీ, బాబాయి ఈ పాలరాతి హాల్లోనే దిగిపోతాడనీ భయమేసి, బళ్ళో నేర్చుకున్న అరబ్బీ ముక్కలతో నేనే అరిచాను.

"హాదా అమ్మీ. మాత్ ఫిల్ బహర్."

ఈయన మా బాబాయి, సముద్రంలో చనిపోయాడు.

ఆఫీసరు నన్ను చూశాడు, మామ్మను చూశాడు. ఒక ఆకు నలిపి వాసన చూసి, "సిద్ర్" అన్నాడు మెల్లగా. తమవాళ్ళెవరైనా పోతే ఈ ఆకు వేసిన నీళ్ళతోనే ఒళ్ళు కడుగుతామని, నాకర్థమయ్యేలా నిదానంగా, చేతులతో చూపిస్తూ చెప్పాడు. తరవాత గుడ్డను తనే జాగ్రత్తగా చుట్టి మామ్మ చేతుల్లో పెట్టి "ఖలాస్, యల్లా", అయిపోయింది ఇక వెళ్ళండి అని దారి వదిలాడు.

ఇంటి గడప దాటాక మామ్మ నోరు తెరిచింది. "వచ్చేశాంరా. కాళ్ళు కడుక్కో" అని కూలబడిపోయింది. ఆ నెలాఖరులోనే ఊరెళ్ళి, గోదారి సముద్రంలో కలిసేచోట నాన్న కర్మ చేశాడు. ఫోను మోగితే మామ్మ మళ్ళీ ఎప్పుడూ లేవలేదు. కానీ ఊరెళ్ళేలోపు ఆ రెండు గదుల్లో బాబాయి మాతో ఉన్న రోజుల్లో మేము మెల్లగా నడిచాం, టీవీ పెట్టలేదు, స్నానాల గదిలో నీళ్ళ చప్పుడైతే ఎవరూ లేచి చూడలేదు.

ఇప్పుడు మామ్మ లేదు. రుమైథియాలో ఆ విల్లా కూల్చి, చెట్టు కొట్టేసి అద్దాల మేడ కట్టారు. గోగో ఇంటి వైపంతా హోటళ్ళొచ్చాయని ఆమె మనవరాలు ఫోనులో చెప్పింది. షెడ్డు పని మానేసిన నాన్న నా దగ్గరే ఉంటున్నాడు, ఏడాదిగా ఆయన జ్ఞాపకాలు ఒక్కొక్కటే జారిపోతున్నాయి. మొన్న శుక్రవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక తలుపు వైపు చూస్తూ అడిగాడు.

"సత్యం ఇంకా రాలేదేంటమ్మా?"

"వచ్చేశాడు నాన్నా, లోపల పడుకున్నాడు" అన్నాను.

"అలాగా. అయితే గట్టిగా మాట్లాడకు" అన్నాడు. ఎండ గోడ మీంచి దిగిపోయేదాకా ఇద్దరం అలాగే మాటల్లేకుండా కూర్చున్నాం.