స్కాట్లాండ్ పాటలూ, రెండే రెండు మాటలూ

చదువుకునే రోజుల్లో కోపం తెచ్చుకోవడానికి కారణం వెతకనక్కరలేదు, అదే మనల్ని వెతుక్కుంటూ వచ్చేది. నా కోపం మాత్రం కాస్త ప్రత్యేకం: స్కాట్లాండ్‌ని ఎవరైనా ఇంగ్లండ్ అంటే ఒళ్ళు మండేది. మాది కర్నూలు దగ్గర పల్లె. ఎమ్మే ఇంగ్లీషు చదవడానికి నగరానికి వచ్చి విద్యానగర్‌లో పిన్ని వాళ్ళింట్లో ఉండేదాన్ని. (సెలవులకు వెళ్ళొస్తే చాలు, 'పూతరేకులు తెచ్చావా' అని క్లాసులో వాళ్ళు అడిగేవాళ్ళు. మాది సీమ మొర్రో అంటే, 'అదే, ఆంధ్రానే కదా' అనేవాళ్ళు. స్కాట్లాండ్ వాళ్ళ బాధ నాకు తెలియక ఎవరికి తెలుస్తుంది?) స్కాట్లాండ్ పాటల పిచ్చి నాకు అంటించింది మా మేడమ్. గుంటూరు ఆవిడ, వయసులో ఉన్నప్పుడు స్కాట్లాండ్‌లో చదివి వచ్చారు. పాఠం చెబుతూ చెబుతూ అక్కడి పాటల్లోకి వెళ్ళిపోయేవారు. మోకాళ్ళ దాకా లంగాల్లాంటి గళ్ళ కిల్టులు కట్టి పాడిన పాతకాలం గాయకులు, డెబ్బైల్లో ప్యాంటు అంచులకు గళ్ళగుడ్డ కుట్టించుకుని ఆడపిల్లల్ని వెర్రెక్కించిన కుర్రాళ్ళు, ఎనభైల్లో కీబోర్డు మోతతో స్టేడియాలు నింపిన బ్యాండ్లు, తొంభైల్లో ప్రపంచంలోని దిగులంతా తమదే అన్నట్టు పాడిన గుంపులు, అందరూ ఆవిడకు చుట్టాల్లాగే ఉండేవారు. "ఈ ఊళ్ళో ఆ పాటలు తెలిసినవాళ్ళు నాకొక్కరూ తగల్లేదే అమ్మాయ్" అన్నారొకసారి.

అందుకే ఆవిడ రిటైరవుతున్నారని తెలియగానే, వీడ్కోలు సభలో యాభైల నుంచి తొంభైల దాకా దశాబ్దానికొక పాట చొప్పున పాడి వినిపించాలని పంతం పట్టాను. మల్కాజ్‌గిరి నుంచి వచ్చే జూనియర్ ఒకడు గిటారు లేకుండా గడప దాటేవాడు కాదు, వాణ్ణి అందరం గిటారనే పిలిచేవాళ్ళం. ఇద్దరం క్యాంపస్‌లో చెట్ల కింద కూర్చుని గొంతులు పోయేదాకా సాధన చేశాం. సభ కన్వీనరు సారు మాకు చివరి అరగంట ఇచ్చారు. మేడమ్‌కి ముందుగా చెప్పొద్దని నేనే బతిమాలుకున్నాను.

ఇక సభ మొదలైంది. మొదటి వక్త, ఎప్పుడో రిటైరైన పెద్దాయన, 'రెండే రెండు మాటలు చెప్పి ముగిస్తాను' అని మైకు పట్టుకున్నారు. (మన దగ్గర ఈ మాట వినబడితే శ్రోతలు చెప్పులు విడిచి, కాళ్ళు ముడుచుకుని కూర్చోవడం మంచిది.) ఆయన తన బాల్యం, తన పీహెచ్‌డీ, తన బైపాస్ ఆపరేషను పూర్తిచేసి, "మన మేడమ్ ఇంగ్లండ్‌లో చదువుకున్న విదుషీమణి" అన్నారు. వేదిక మీద మేడమ్ కళ్ళు మూసుకున్నారు. నేను కింద పళ్ళు కొరికాను. తర్వాత రెండో ఆయన, మూడో ఆయన, సంఘానికొక శాలువా, శాలువాకొక ఫొటో.

"అక్కా, యాభైలు తీసేద్దామా?" అన్నాడు గిటారు చిన్నగా. "గవి ఎవ్వరికి తెల్వవు."

"మేడమ్‌కి తెలుసబ్బా. తీసేదే లేదు."

తీశాం. ఇంకో వక్త లేచేసరికి అరవైలు పోయాయి. సొంతంగా పద్యాలు రాసుకొచ్చిన ఒకాయన దెబ్బకు డెబ్బైలూ ఎనభైలూ కలిసి కొట్టుకుపోయాయి. గిటారు తీగలు బిగిస్తూ, "తొంభైలన్న మిగుల్తయా అక్కా, ఏంది సంగతి?" అన్నాడు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వస్తున్నాయి. వందన సమర్పణ చేసేవారు మైకు సెట్టు అతనికీ, సమోసాలు తెచ్చిన హోటలుకూ ధన్యవాదాలు చెబుతుండగా ఇక ఆగలేక, వాణ్ణి చెయ్యి పట్టి లాక్కుని వేదిక ఎక్కేశాను. కన్వీనరు సారు మా అరగంట సంగతే మరిచిపోయినట్టున్నారు, మమ్మల్ని చూసి, పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టు మైకు అందుకుని, "ఇప్పుడు మన విద్యార్థులు జాతీయ గీతం ఆలపిస్తారు, అందరూ లేచి నిలబడాలి" అన్నారు.

హాలంతా లేచి నిలబడింది. అలాంటప్పుడు ఎవరైనా 'కాదండీ' అనగలరా? మెడలో గిటారు వేలాడుతుంటే వాడూ, దశాబ్దాలన్నీ గొంతులో అడ్డుపడి నేనూ, నిటారుగా నిలబడి పాడాం. మన సభల్లో అది పాడాక ఇంకేం చేయడానికీ లేదు. జనం సమోసాల వైపు కదిలారు.

మేడమ్ శాలువాల మోపుతో నా దగ్గరికొచ్చి, "జాతీయ గీతానికి గిటారెందుకే అమ్మాయ్?" అన్నారు. అప్పుడు బయటపడింది నా కోపమంతా. పెద్దవాళ్ళని కూడా చూడకుండా ఒక్కో వక్తా ఏ దశాబ్దాన్ని మింగాడో వేలు పెట్టి చూపించాను. ఆవిడ శాలువాల మోపు పక్క కుర్చీలో పడేశారు. "రేపు పొద్దున్నే తార్నాకలో మా ఇంటికి వచ్చేయండి. అన్నీ పాడాలి" అన్నారు.

మర్నాడు వాళ్ళ వరండాలో యాభైల నుంచి మొదలుపెట్టాం. రెండో చరణానికల్లా మేడమ్ కూడా అందుకున్నారు. నిజం చెప్పొద్దూ, ఆవిడకు శ్రుతి ఒక పక్క, తాళం ఇంకో పక్క. గిటారు పాపం ఆవిడ వెనక పరుగెత్తలేక చెమటలు కక్కాడు. కానీ ఆవిడ నోట ఒక్క పదం తప్పు పోలేదు. తొంభైలు కూడా అయ్యాక చీరకొంగుతో మొహం తుడుచుకుని, "ఇన్నేళ్ళూ వంటింట్లో ఒక్కదాన్నే పాడుకున్నానమ్మా. పక్కన ఇంకో గొంతుంటే ఇలా ఉంటుందన్నమాట" అన్నారు.

ఇప్పుడు నేనే పాఠాలు చెప్పుకునే వయసుకొచ్చాను. ఆ వక్తల మీద నా కోపం మాత్రం ఇసుమంతైనా తగ్గలేదు. వాళ్ళు చెప్పినట్టు రెండే మాటల్లో ముగించి ఉంటే, మేం హాల్లో చక్కగా పాడి దిగేవాళ్ళం. మేడమ్ వేదిక మీద కుర్చీలో పొందిగ్గా కూర్చుని చప్పట్లు కొట్టేవారు, నోరు తెరిచి పాడేవారు కాదు. అంటే ఆ తార్నాక వరండాను నాకు ఇచ్చింది వాళ్ళేనన్నమాట. ఆ సంగతి ఒప్పుకోవాలంటేనే ఇప్పటికీ నా ఒళ్ళు మండుతుంది.