బండిచక్రమంత చుక్క

మా ఇంట్లో నాకంటూ ఒక చోటు ఉండేది. వసారాలోంచి వంటింట్లోకి వెళ్ళే తలుపు వెనక, వడ్లగాదె పక్కన. మా తోడికోడలు ఊరికి బయల్దేరిందంటే నేను వెళ్ళి అక్కడ నిలబడేదాన్ని. ఆవిడ గుమ్మం దిగి, వీధి మలుపు తిరిగాక బయటికొచ్చేదాన్ని. ఎవరూ చెప్పక్కర్లేదు. పాలు పొంగుతుంటే పొయ్యి దగ్గరికి పరిగెత్తినట్టే అదీ ఒక పని.

కారణం నా నక్షత్రం. జ్యేష్ఠలో పుట్టిన పిల్లని కోడలుగా తెచ్చుకుంటే ఆమె బావగారికి గండమని మా దివిసీమలో గట్టి నమ్మకం. మా నాన్న ఆ సంగతి దాచి, పక్కనున్న అనూరాధ పేరు చెప్పి నా పెళ్ళి చేశాడు. ఏడాది తిరక్కుండానే మా బావగారిని వరిచేలో కట్లపాము కరిచింది. పోయాడు. కర్మల నాడు మా పుట్టింటి నుంచి వచ్చిన ముసలావిడొకతె ఏడుస్తూ ఏడుస్తూ నా అసలు నక్షత్రం బయటపెట్టేసింది. ఆ రోజునుంచి పాము సంగతి అందరూ మర్చిపోయారు.

పోయిన బావగారి భార్యే మా తోడికోడలు. అక్కా అని పిలుస్తాను. ఆవిడ నన్ను ఎన్నడూ తిట్టలేదు. ఒకే పొయ్యి మీద వండుకున్నాం. ఆవిడకి పిల్లల్లేరు, నా పిల్లలకి నాకంటే ఎక్కువగా అన్నం కలిపి పెట్టింది. నాకు జ్వరమొస్తే పక్కనే పడుకునేది. కానీ బయల్దేరేటప్పుడు మాత్రం నా మొహం చూసేది కాదు. మేమిద్దరం ముసలివాళ్ళమయ్యాం గానీ ఆ ఒక్కటీ మారలేదు. చెప్పొద్దూ, నాకు అన్నిటికంటే అదే బాధ. తిట్టినా బాగుండును.

తొంభైల్లో పెద్దవాళ్ళకి చదువు చెప్పే సాయంత్రం బడి మా ఊరికి వచ్చింది. మా అరుగు పెద్దది, కరెంటు బల్బుంది, అందుకని మా ఇంటి ముందే పెట్టారు. పాఠం చెప్పే అమ్మాయి గుడివాడ నుంచి మా వీధికి కోడలుగా వచ్చింది. బియస్సీ చదివిన పిల్ల. నాట్లు వేసీ వేసీ గట్టిపడ్డ వేళ్ళకి బలపం పట్టుకోవడం రాదు. నేను 'అ' రాస్తే ముడుచుకుని పడుకున్న పిల్లిలా ఉండేది. ఆ అమ్మాయి నవ్వేది కాదు. మేమే ఒకళ్ళ పలక చూసి ఒకళ్ళం నవ్వుకునేవాళ్ళం. అక్క మాత్రం చదువులోకి దిగలేదు. కళ్ళకి శుక్లాలు వచ్చి ఆవిడకి పలకే కనపడేది కాదు. అరుగు పక్కన నులకమంచం మీద పడుకుని విసనకర్ర ఊపుకుంటూ, మా అందరికీ వంకలు పెట్టేది.

ఒత్తులు వచ్చాక ఒకరోజు ఎవరి నక్షత్రం పేరు వాళ్ళని రాయమంది అమ్మాయి. నేను బలపం కింద పెట్టేశాను.

"ఏం పిన్నిగారూ, తెలీదా?"

"తెలుసు. రాయను."

"దాందా?" మంచం మీంచి అక్క అంది. "జ్యేష్ఠ. ఊరందరికీ తెలుసు."

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. ఆ రోజుల్లో రోజూ పోయేదే. బల్బు ఆరగానే పాఠం ఆగి ఆకాశం మొదలయ్యేది. మార్గశిరమాసపు చలి, కోతలైపోయిన పొలాల మీంచి తడి గడ్డివాసన, గాలి అటు తిరిగితే హంసలదీవి వైపునుంచి సముద్రపు హోరు. తలెత్తితే చుక్కలు ఎంత కిందికి దిగివచ్చాయంటే, చూరు పట్టుకుని వేలాడుతున్నాయా అనిపించేది.

"ఆ చుక్కల గుత్తి, పిల్లలకోడి చూడండి, నడినెత్తికి వస్తోంది. దాని కిందగా వరసగా మూడు చుక్కలు, గొల్లకావడి. ఆ కావడి పక్కనే ఎర్రగా ఉందే, అదండీ ఆరుద్ర," అంది అమ్మాయి.

నేను తెల్లబోయాను. ఆరుద్ర కార్తె నాకు తెలుసు. ఆ కార్తెలో వాన పడితే గట్ల మీద ఎర్రని మఖమల్ ముక్కల్లా పురుగులు పాకుతాయి, అదీ తెలుసు. మృగశిర, రోహిణి, పుబ్బ, హస్త, ఏ కార్తెలో ఏ వాన పడుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. కానీ అవన్నీ పైన నిజంగా ఉన్న చుక్కలని నాకెవరూ చెప్పలేదు. వానల పేర్లనుకున్నాను. పైగా ఆ ఆరుద్ర, ఆరుద్ర పురుగంత ఎర్రగా ఉంది.

"మరి నాదో?" అన్నాను, అనకూడదనుకుంటూనే.

"మీది ఇప్పుడు కనపడదండీ. ఎండాకాలం వస్తేగానీ సాయంత్రాలు పైకి రాదు. అదీ ఎరుపే. చాలా పెద్దది."

"ఎంతేంటి?"

"సూర్యుణ్ణి ఆవగింజ అనుకోండి. మీ చుక్క ఎడ్లబండి చక్రమంత ఉంటుంది. సూర్యుడి చోట దాన్ని తెచ్చి పెడితే, మనమూ మన భూమీ దాని పొట్టలో ఉంటాం."

"అంత పెద్దదై ఏం లాభం? ఇంతవరకూ దీనికి కనపడనే లేదంటగా!" అంది అక్క.

"దూరమండీ పెద్దమ్మగారూ. సముద్రంలో పడవ మీద లాంతరు ఒడ్డునించి చూస్తే మిణుగురంత ఉండదూ? ఇప్పుడు మనం చూసే దాని వెలుగు వందల ఏళ్ళ కిందట బయల్దేరింది."

నేనా మాట పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. నేను పుట్టకముందు, మా బావగారు పుట్టకముందు, మా చేను గట్టు వేయకముందు ఎప్పుడో బయల్దేరిన వెలుగు. కృష్ణ ఒండ్రు తెచ్చి పోసుకుంటూ పోసుకుంటూ ఉంటే, మా ఊరి చివర సముద్రం ఇంకా వెనక్కి జరుగుతుండగానే, అది దారిలో ఉంది. వస్తూనే ఉంది. దానికి నా పేరు ఎవరు చెప్పారు?

"ఈ పేర్లన్నీ ఎవరు పెట్టారమ్మాయ్?" అని అక్కే అడిగింది.

"మనలాంటివాళ్ళేనండీ. వేల ఏళ్ళ కిందట, పుస్తకాల్లేవు, గడియారాల్లేవు. ఆరుబయట పడుకుని చూసుకుంటూ ఉండేవాళ్ళు. పున్నమినాడు చంద్రుడు ఏ చుక్క దగ్గరుంటే ఆ నెలకి ఆ పేరు పెట్టారు. కృత్తిక దగ్గరుంటే కార్తీకం. జ్యేష్ఠ దగ్గరుంటే జ్యేష్ఠం."

"అయితే జ్యేష్ఠ పున్నమంటే..." అని ఆగాను.

"ఏరువాక పున్నమేగా పిన్నిగారూ. ఆ రోజు చంద్రుడు మీ చుక్క దగ్గరే ఉంటాడు."

అక్క చేతిలో విసనకర్ర ఆగిపోయింది. ఏరువాక నాడు నాగలికి పసుపు రాసి బొట్టు పెట్టేది మా ఇంట్లో అక్కే. బావగారు పోయిన మరుసటి ఏడాది కూడా మానలేదు. కరెంటు వచ్చింది. అక్క మొహం అటు తిప్పుకుని పడుకుంది.

రెండో పంట దాళ్వా నాట్లయ్యాక అక్కకి బందర్లో కంటి ఆపరేషను చేయించాం. మగవాళ్ళకి చేలకి కాలవ నీళ్ళ వంతులు, తోడు వెళ్ళడానికి నేనే మిగిలాను. బస్సుదాకా వేరేగా నడిచాను, ఎదురు పడకుండా. మర్నాడు కంటికట్టు విప్పే వేళ నా కాళ్ళు వాటికి తెలిసిన పనే చేశాయి. ఆ ఆస్పత్రి గదికి తలుపు లేదు, ఆకుపచ్చ తెర ఉంది. దాని వెనక్కి వెళ్ళి నిలబడ్డాను. అక్క తను తెచ్చుకున్న దేవుడి పటం అడిగి తీసుకుని చూసుకుంది. నాకోసం వెతకలేదు. వెతకదని తెలిసి కూడా, ఆవిడ పటం పక్కన పెట్టేదాకా ఎదురుచూశాను.

తిరుగు బస్సులో నల్ల కళ్ళజోడు పెట్టుకుని కనపడ్డవన్నీ చదివినట్టు చెప్పుకుంటూ వచ్చింది. గూడూరు దాటాక నావైపు తిరిగింది.

"ఏమే, నీ జుట్టు ఎప్పుడు తెల్లబడింది?"

"నువ్వు చూడనప్పుడు," అన్నాను.

కళ్ళజోడు సర్దుకుని కిటికీ వైపు తిరిగింది.

ఏరువాక పున్నమి వచ్చింది. పొద్దున నాగలికి అక్క పసుపు రాసింది, ఎడ్లకి పొంగలి పెట్టింది. దీపాలు పెట్టేవేళ దాటాక మేడమీదికి పద అంది. మెట్లు ఎక్కలేవంటే వినదు. పైకొచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని దిక్కులు చూసి, అవనిగడ్డ వైపు చెయ్యి చాపింది.

"అదేనా? ఆ ఎర్రది! ఎంత కింద కూచుందే! ఎలా కళ్ళెర్ర జేస్తోందో చూడు," అని, నేను నోరు తెరిచేలోపు దానికే మొదలుపెట్టింది. "ఏమే నీకేం అపకారం చేశాడే మా ఆయన? చీమకైనా హాని చేసినవాడా? పచ్చగా ఉన్న కాపరం... నీ కళ్ళు మాడిపోనూ!"

ఇన్నేళ్ళుగా నన్ను తిట్టకుండా దాచిపెట్టినవన్నీ వరసగా వచ్చాయి. ఆవిడ ఏడుపు ఆగేదాకా ఊరుకున్నాను.

"అక్కా, అది టెలిఫోనువాళ్ళ టవరు మీద దీపం."

"ఆఁ?"

"కొత్తగా వేశారు. నీకు కళ్ళు కనపడనప్పుడు."

నా మొహం చూసింది. మళ్ళీ దీపం చూసింది. పెదవి బిగబట్టింది గానీ ఆగలేదు, నవ్వొచ్చేసింది. నాకూ వచ్చింది. పిట్టగోడ పట్టుకుని ఇద్దరం దగ్గొచ్చేదాకా నవ్వాం. కింద పడక్కుర్చీలోంచి మా ఆయన "ఏమైంది మీకు?" అని అరిచాడు.

అప్పుడు చంద్రుణ్ణి చూపించాను. తాటితోపు మీదుగా పైకొస్తున్నాడు. వెన్నెల నారుమళ్ళలో నీళ్ళ మీద పడి, ఏది నేలో ఏది ఆకాశమో తెలియకుండా ఉంది. చంద్రుడి పక్కనే, చెయ్యి చాపితే తగిలేటంత దూరంలో, కొంచెం ఎర్రగా ఒక చిన్న చుక్క. దానికి ముందు నడుస్తున్నట్టు ఇంకో మూడు చుక్కలు. అవి అనూరాధ అని అమ్మాయి చెప్పింది. మా నాన్న మరీ ఎక్కువ దూరం అబద్ధమాడలేదు.

"ఇంతేనా!" అంది అక్క. చాలాసేపు చూసింది. "పాపం, వెన్నెల్లో వెలవెలబోతోంది."

"చక్రమంత అందిగా అమ్మాయి."

"అందిలే. అంతది అక్కణ్ణించి వచ్చి, ఇంత చేలో మీ బావగారి కాలే వెతుక్కుందంటావా?"

"నన్నడుగుతావేంటి? నేను ముప్ఫై ఏళ్ళబట్టీ తలుపు వెనక ఉన్నాను."

మాట కొంచెం మొరటుగా వచ్చింది. వెనక్కి తీసుకోలేదు. చంద్రుడు తాటాకుల మీంచి విడిపడేదాకా ఇద్దరం అక్కడే ఉన్నాం.

మర్నాడు పొద్దున అక్క గుడివాడలో తన చెల్లెలింటికి బయల్దేరింది. నేను అలవాటు ప్రకారం వెళ్ళి గాదె పక్కన నిలబడ్డాను. చెప్పుల చప్పుడు గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

"ఏమే! ఎక్కడ చచ్చావ్?"

"ఇక్కడే."

"ఇక్కడే అంటే? ఎదురు రా. బస్సు వెళ్ళిపోతుంది."

నాకు ఎదురు రావడం ఎలాగో తెలియలేదు. ఉత్త చేతులతో వెళ్ళకూడదేమోనని గాదె మీదున్న చాట పట్టుకుని, వాకిట్లోకి దిగి, ఆవిడకి ఎదురుగా నడిచాను.

"ఓసి నీ మొహం! ఖాళీ చాటతో ఎదురొస్తారటే ఎవరైనా? అది పక్కన పడేసి మళ్ళీ రా."

చాట అరుగు మీద పెట్టేశాను. వీధి మొగదాకా వెళ్ళి, అక్కణ్ణించి మళ్ళీ నడిచి వచ్చాను. ఈసారి ఆవిడ కళ్ళజోడు తీసి, నేను దగ్గరికొచ్చేదాకా చూసి, సంచి చంకన పెట్టుకుని బస్సుకి వెళ్ళింది.