పూత మీద పూత

మా తాత రంగు వేసిన గేటు ముందు నిలబడి తల దువ్వుకోవచ్చు. అందుకే ఆయన్ని అందరూ అద్దం తాత అంటారు. ఆ పేరు తనకు పట్టనట్టే ఉంటాడు గానీ, వేరే పేరుతో పిలిస్తే పలకడు.

ఆయనకు గిట్టనివి చాలా ఉన్నాయి. వెంట్రుకలు ఊడే బ్రష్షు గిట్టదు. తడి రంగును వేలితో తాకి "ఆరిందా?" అని అడిగే మనిషి అసలే గిట్టడు. ఈ వసంతంలో వాటికి చెట్లు తోడయ్యాయి.

ఊరి చివర రోడ్డుకు రెండు పక్కలా చెట్లు ఆకన్నది కనబడకుండా గులాబీ రంగులో పూశాయి. జనం పనులు మానుకుని, పిల్లల్ని చంకనేసుకుని మరీ చూడ్డానికి వస్తున్నారు. సరిగ్గా అక్కడే, ఓ చెట్టు కిందే, మా తాతకు నల్ల గేటు పని తగిలింది.

ఎనామిల్ పూత వేసి బ్రష్షు దించేలోపు గాలి వీచేది. నల్లటి నునుపు మీద నాలుగు రేకులు వచ్చి అతుక్కునేవి. గోటితో తీస్తే గుంట పడేది. ఆరనిచ్చి, గరుకు కాగితంతో రుద్ది, మళ్ళీ వేసేవాడు. మళ్ళీ రేకులు. దుప్పటి అడ్డం కడితే, దుప్పటే గేటుకు అంటుకుంది.

అన్నం గిన్నె పట్టుకెళ్ళిన నేను నోరు ఊరుకోక, "పూత బాగా పట్టింది తాతా" అన్నాను.

"నాదా, దానిదా?" అన్నాడు చెట్టుకేసి కొరకొరా చూస్తూ.

"రెండూ కలిసిపోయాయిగా."

"నీ నోటికి కూడా ఓ పూత వేస్తాను, ఇలా రా."

అంతలో ఇంటావిడ బయటికొచ్చింది. గేటును అటు నుంచీ ఇటు నుంచీ చూసి ముచ్చటపడిపోయింది.

"పెద్దాయనా, ఆ రేకులు అలాగే ఉంచేయండి. ఎంత బాగున్నాయో. ఈ వీధిలో ఎవరికీ లేదు ఇలాంటి గేటు."

మా తాత మొహం మాడిపోయింది. తిట్టినా అంత బాధపడేవాడు కాదు.

"అది పనితనం కాదమ్మా, పాడైన పని."

"మాకు నచ్చిందిగా."

"నాకు నచ్చలేదుగా."

ఆవిడ నవ్వుకుంటూ లోపలికి వెళ్ళగానే, ఆయన గరుకు కాగితం తీసి గేటు మొత్తం బోడి చేసేశాడు.

ఇంటికొచ్చాక, ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, ఆ కోపం కూరలో ఉప్పు మీద పడింది. నానమ్మ గరిటె పక్కన పెట్టి, "పూలు రాలిపోయాకే వేసుకోవయ్యా. ఇప్పుడు మునిగిపోయిందేముంది?" అంది.

"అన్నాళ్ళు బోడిగా వదిలేస్తే తుప్పు పడుతుంది. నా చేతి గేటుకు తుప్పా?"

మరునాడు పొద్దున్నే, ఎత్తు గోడలకు రంగు వేసే పొడుగు కర్ర భుజాన వేసుకుని బయల్దేరాడు. రంగు డబ్బా మాత్రం ముట్టుకోలేదు. అనుమానమొచ్చి వెనకే వెళ్ళాను. గేటు పక్క చెట్టు కింద నిలబడి, కొమ్మల్ని కర్రతో కొట్టడం మొదలుపెట్టాడు. ఉన్నవన్నీ ఇవాళే రాలిపోతే రేపు నింపాదిగా పని చేసుకోవచ్చని ఆయన ఎత్తు. రేకులు జల్లుగా ఆయన బట్టతల మీద కురిశాయి. చూడ్డానికి వచ్చిన జనమంతా పరుగెత్తుకొచ్చి ఆ జల్లు కింద చేరారు.

"తాతగారూ, ఇంకోసారి కొట్టరూ. ఫొటోలో మా పాప కళ్ళు మూసుకుంది."

"తప్పుకోండమ్మా, పనిలో ఉన్నాను."

"ఆ పక్క కొమ్మయితే ఇంకా బాగుంటుంది తాతగారూ."

పళ్ళు నూరుకుంటూ ఆ పక్క కొమ్మనూ కొట్టాడు. చప్పట్లు మోగాయి. వెనక ఇంకో కుటుంబం వచ్చి వరుసలో నిలబడింది. నేను తలెత్తి చూశాను. పైకొమ్మల నిండా ఇంకా విచ్చుకోని మొగ్గలే.