కదలని పిన్ను, కదిలొచ్చిన అల్లుడు

మా కోడలు నిరుపమ తుమ్మితే ఇరవై టన్నుల ఎక్స్‌కవేటర్ పక్కకు జరుగుతుంది. అబద్ధమాడితే మా కాన్వెంట్ సిస్టర్లు మోకాళ్ల మీద నిలబెట్టేవారు కాబట్టి కాస్త సవరిస్తాను: ఐదు టన్నులది. అదీ వాలులో ఉంటే.

నిరుపమ గుంటూరు నుంచి న్యూజిలాండ్‌లోని పామర్‌స్టన్ నార్త్‌కు చదువుకోవడానికి వచ్చింది. ఖర్చులకని ఒక యార్డులో బురద పట్టిన యంత్రాలు కడిగే పనికి కుదిరింది. కడుగుతూ కడుగుతూ వాటిని విప్పడం, బిగించడం, నడపడం కూడా పట్టేసింది. చదువు పూర్తయినా యార్డు వదల్లేదు. ఈమధ్యనే పాత ఎక్స్‌కవేటర్ ఒకటి సొంతానికి కొనుక్కుంది. తొలి పనీ దొరికింది: మర్నాడు పొద్దున్నే ఒక పాడి రైతు పొలంలో కాలువ తవ్వాలి.

కాలువకు మట్టి తోడే సన్న బకెట్ కావాలి. మెషీన్‌కు ఉన్నది వెడల్పాటిది. దాన్ని పట్టి ఉంచిన ఇనుప పిన్ను, ముంజేయంత లావుది, తుప్పు పట్టి లోపలే బిగుసుకుపోయింది. అది ఊడకపోతే తొలి పని చేజారినట్టే. రైతు అప్పుడే ఇంకొకరి పేరు ఎత్తాడు కూడా.

నిరుపమ బకెట్‌ను నేలకు ఆనించింది. గ్యాస్ మంటతో కాల్చింది, చల్లారాక నూనె పోసింది, సమ్మెటతో కొట్టింది. పిన్ను ఉలకలేదు. ఇక ఒకరు ఇనుప కడ్డీని పిన్నుకు ఆనించి పట్టుకుంటే, ఇంకొకరు దాని మీద బాదాలి. నావి వణికే చేతులు. మెషీన్ చూడ్డానికి వచ్చిన ఆమె పిన్ని శకుంతలకు భుజం నొప్పి. గాలికి జడిసి కారులో కూర్చుని జంతికలు నములుతోంది.

నిరుపమ మా అబ్బాయి ఉదయభాస్కర్‌కు ఫోన్ చేసింది. వాడు ఆసుపత్రిలో కంప్యూటర్లు చూస్తాడు.

"మీటింగ్‌లో ఉన్నా. సాయంత్రం వస్తాలే."

"సాయంత్రం దాకా ఆగదు! పిన్ను కదలట్లేదు! కాల్చాను, నూనె పోశాను, సమ్మెటతో కూడా కొట్టాను!"

"పిన్నా?"

"ఆఁ, పిన్నే! త్వరగా రా!"

పిన్నుకూ పిన్నికీ మధ్యనున్న ఆ కాస్త తేడాను గాలి ఎత్తుకుపోయింది. పావుగంటలో కారు యార్డులోకి దూసుకొచ్చింది. మా వాడు దిగాడు, వెనకే మందుల సంచితో నర్సు కీర్తన.

"ఎక్కడ పడుకోబెట్టావ్?" అని అరిచాడు.

శకుంతల కారు అద్దం దించింది. "ఎవర్ని బాబూ?"

మా వాడు ఉన్నచోటే చతికిలబడ్డాడు. సంగతి తెలిశాక శకుంతల విరుచుకుపడింది.

"నన్ను కాల్చి కొట్టిందంటే నమ్మేశావా?"

"మీ అమ్మాయి చేతిలో సమ్మెట చూస్తే మీరైనా నమ్ముతారు అత్తయ్యా!"

"ఎలాగూ వచ్చావుగా, కడ్డీ పట్టుకో," అంది నిరుపమ.

వాడు పొడవాటి పట్టుకారుతో కడ్డీని పట్టి కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

"కళ్లు తెరువు! కడ్డీ వంకరపోతోంది!"

"తెరిస్తే నువ్వు కనిపిస్తున్నావు!"

"హైలెస్సా!" అని శకుంతల అందుకుంది. దెబ్బకొక హైలెస్సా. ఎర్రటి పొడి రాలింది, ఇనుము కిర్రుమంది, పిన్ను వేలెడు జరిగింది. ఇక మా వాడికి పూనకమే. "కొట్టు! ఇంకా కొట్టు!" అంటూ కళ్లు కూడా తెరిచాడు. చివరి దెబ్బకు పిన్ను ఎగిరి అవతలి పొలంలో గొర్రెల మధ్య పడింది. సరే, వాడి బూటు పక్కన పడింది. కీర్తన మందుల సంచి పక్కన పెట్టి జంతికలు పంచింది. మర్నాడు నిరుపమ తవ్విన కాలువ తాడు లాగి గీసినట్టు వచ్చింది.

ఇదంతా చదివి వినిపిస్తే నిరుపమ చేతుల గ్రీజు తుడుచుకుంటూ తేల్చేసింది: "మామయ్యా, ఇందులో ఒక్క ముక్క కూడా నిజం కాదు. పిన్ను దానంతటదే జారింది. అప్పుడు పిన్ని అసలు న్యూజిలాండ్‌లోనే లేదు."