టోపీ లేని చిన్న ‘a’

బోరబండలో మా నాన్నది బట్టల కొట్టు. మంచి తానులు ఎప్పుడూ లోపలి అరలోనే ఉండేవి. కొనడానికొచ్చినవాళ్ళు లేచి చెప్పులు వేసుకునేదాకా బయటికి వచ్చేవి కావు. అందుకే ఎక్కడికెళ్ళినా “లోపల ఇంకేమున్నయి?” అని అడిగే రోగం నాకు. కూరగాయల బండి దగ్గర కూడా అడుగుతాను.

ఆ రోగం ఒకసారి పనికొచ్చింది. హైటెక్ సిటీలో వెబ్‌సైట్ల రూపు దిద్దడం నా పని. నల్లగండ్లలో చిన్నపిల్లల బడి నడిపే ఒక టీచరమ్మ మా ఆఫీసుకొచ్చి, వాళ్ళ బడి కోసం నేను చేసిన ఇంగ్లీషు పేజీల్లో తప్పు చూపించారు. సోమవారం నుంచి తల్లిదండ్రులు ఇంట్లో పిల్లల చేత చదివించాల్సిన పేజీలవి.

“ఈ చిన్న ‘a’ చూడమ్మా, నెత్తిన టోపీ పెట్టుకుంది. మా పిల్లలు సున్నా చుట్టి పక్కన గీత గీస్తారు. ఇది వాళ్ళకి వేరే అక్షరమే. మారకపోతే ఈ పేజీలు నేను ఎవరికీ పంపను.”

వేరే ఫాంట్ కొందామంది మా మేనేజరు. ఉన్నదాని లోపలేముందో చూడకుండా ఇంకోటి కొనడమా? ఫాంట్‌లోని అక్షరాలన్నీ పరిచి చూపే పట్టిక తెరిచాను. కీబోర్డులో లేనివి వందలున్నాయి: పొడుగు తోకల ‘y’లు, అడ్డగీత సున్నాలు, ఒక మూలన గుండ్రటి ‘a’. కోడ్‌లో ఒక్క వరుస రాయగానే పేజీలన్నిట్లో టోపీలు ఊడాయి. టీచరమ్మ తెర చూసి తల ఊపారు. ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర నా గొప్ప నేనే మూడుసార్లు చెప్పుకున్నాను.

అక్కడితో ఊరుకుంటే నేనెలా అవుతాను? ఫాంట్ ఫైలు బరువు ఎక్కువనిపించింది. వాడని అక్షరాల్ని కోసిపారేసే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. దాంతో బేరం మొదలుపెట్టాను. కొంత తగ్గింది, ఇంకొంత తగ్గించు అన్నాను. పావు వంతుకు దిగింది. నా కంప్యూటర్లో పేజీలు చక్కగానే కనిపించాయి. గెలిచాననుకుని సైట్‌లోకి ఎక్కించేశాను.

శుక్రవారం పొద్దున టీచరమ్మ ఫోన్.

“ఏంటమ్మా ఇది? ఆఫీసులో చూపించింది ఒకటి, నా ఫోన్లో వచ్చింది ఇంకోటి. టోపీలు మళ్ళీ వచ్చేశాయి.”

ఒక గుడ్డ చూపించి ఇంకో గుడ్డ కట్టిచ్చారనడం కన్నా మా కొట్టులో పెద్ద తిట్టు లేదు. నా కోతలో గుండ్రటి ‘a’ కూడా పోయింది. నా కంప్యూటర్లో పూర్తి ఫాంట్ ఉంది కాబట్టి నాకొక్కదానికే అది కనిపిస్తూ ఉంది. ‘మీ ఫోన్ పాతదేమోనండి’ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. రంగు బాగోలేదంటే ‘ఒక్కసారి ఉతికితే తేలుతుంది’ అని నమ్మించే కొట్టు తెలివి అది. మింగేసి, “తప్పు నాదండి, సాయంత్రానికి సరిచేస్తాను” అన్నాను.

గుండ్రటిదాన్ని ఉంచి మళ్ళీ కోశాను. కానీ నా తెర మీద నాకిక నమ్మకం లేదు. కుర్చీలో కూర్చోలేకపోయాను. మేనేజరు ఫోన్లో చూశాను, క్యాంటీన్‌లో టీ పోసే ఆవిడ ఫోన్లో చూశాను, గేటు దగ్గర సెక్యూరిటీ అన్న ఫోన్ మళ్ళీ మళ్ళీ అడిగాను.

“ఏంది మేడం, గిది నాలుగోసారి. నా ఫోన్ల మీ సొమ్మేం పోయింది?”

“జర ఒక్కసారి అన్నా. ఈ అక్షరం నెత్తిన టోపీ ఉందా?”

“దానికి లేదు, నాకుంది.” యూనిఫాం టోపీ సర్దుకున్నాడు. “ఇగ పరేషాన్ గాకుండ్రి, పోయి నీళ్ళు తాగుండ్రి.”

తాగలేదు. ఆటో ఎక్కి నల్లగండ్ల వెళ్ళాను. మా నాన్న గుడ్డను గుమ్మం బయట వెలుతురులో విప్పి చూపించాకే కత్తెర పెట్టేవాడు. బడి వరండాలో టీచరమ్మ కళ్ళజోడు పెట్టుకుని, కొనబోయే చీరను మడత మడతా విప్పి చూసినట్టు, పేజీలు మెల్లగా జరిపారు. నేను ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి మారుతూ నిలబడ్డాను.

“ఇక్కడొకటి మిగిలిందమ్మా.”

చివరి పేజీలో లావు అక్షరాల శీర్షిక. లావు అక్షరాలకు ఫైలు వేరే ఉంటుంది. దాన్నీ కోశానన్న సంగతి మరిచాను. వరండా మెట్ల మీదే ల్యాప్‌టాప్ తెరిచి సరిచేశాను. ఆవిడ మళ్ళీ మొదటి పేజీ నుంచి మొదలుపెట్టారు. చివరిదాకా చూసి, నా ఎదుటే తల్లిదండ్రుల గ్రూపుకు లింకు పంపారు.

“ఫోన్ చేస్తే సరిపోయేది కదా, ఇంత దూరం ఎందుకొచ్చావమ్మా?”

“మీ ఫోన్లో మీరు చూస్తుంటే నేనూ చూద్దామనండి.”

తిరిగొస్తుంటే సిగ్నల్ దగ్గర ఆటో ఆగింది. డ్రైవరన్నను ఒక్క నిమిషం ఫోన్ ఇమ్మని అడిగాను.